గుడ్డుతో మొదలై ఉర్లగడ్డ దగ్గర తేలిన కథ: కణ త్వచం ప్రాజెక్టు డైరీ

మే 1

పాపకు సెలవులిచ్చి వారమైంది. జూన్‌లో బడి తెరిచేసరికి సైన్స్ ప్రాజెక్టు ఒకటి చేసి చార్టుతో సహా తేవాలట. కణ త్వచం, అంటే కణం చుట్టూ ఉండే పలచటి పొర, దాని గుండా పదార్థాలు ఎలా వస్తాయి, ఎలా పోతాయి అన్నది తనే ఎంచుకుంది. ఎందుకమ్మా ఇదే అని అడిగితే "గుడ్డు ప్రయోగం ఉంది నాన్నా, సులభం" అంది. నేను డిగ్రీలో బీజెడ్‌సీ చదివి, ఇరవై ఏళ్ళుగా తిరుపతిలో ఫోన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఇన్నాళ్ళకు ఆ చదువు పనికొచ్చే అవకాశం దొరికిందని అడగకుండానే దూరిపోయాను.

మా అమ్మ గుడ్డును వంటింటి గడప దాటనివ్వదు. "ఆ నీచు కంపంతా మిద్దె పైన పెట్టుకోండి" అంది. సరే, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు నీడలో మూడు ఖాళీ హార్లిక్స్ సీసాలు, మూడు గుడ్లు, వెనిగర్. పక్కనే నగలు చేసే అన్న దగ్గర చిన్న తూకం అడిగి తెచ్చాను, గ్రాములో నూరోవంతు కూడా చూపిస్తుంది. గుడ్లు 54, 57, 55 గ్రాములు. వెనిగర్ పోయగానే పెంకు మీద బుడగలు, అది కార్బన్ డయాక్సైడ్. పెంకులో ఉండే కాల్షియం కార్బనేట్ కరుగుతోంది.

మే 3

నిన్న ఒకసారి వెనిగర్ మార్చాం. పొద్దున తీసి చూస్తే పెంకు పోయి, వెలుతురుకు పెడితే లోపల పచ్చసొన కదులుతూ కనిపిస్తోంది. పైన మిగిలిన తెల్ల పొడిని కొళాయి కింద వేలితో రుద్దమన్నాను, పాప రుద్దింది, కాస్త గట్టిగా రుద్దింది, రెండో గుడ్డు చేతిలోనే టప్పున పగిలి గౌను మీద, నా చొక్కా మీద, తూకం మీద. తూకం తుడిచి తుడిచి ఇప్పటికీ వాసన చూస్తున్నాను, ఆ అన్నకు ఎలా తిరిగివ్వాలో తెలియడం లేదు.

మిగిలినవి తూస్తే 54 కాస్తా 74 అయింది, 55 కాస్తా 76. పెంకు బరువు పోయింది కదా, అయినా పెరిగింది. వెనిగర్‌లో ఎక్కువ భాగం నీళ్ళే, ఆ నీళ్ళు లోపలికి పోయాయన్నమాట.

మే 5

ఒకదాన్ని మామూలు నీళ్ళలో వేశాం: 74 నుంచి 84. రెండోది చక్కెర పాకంలో వేయాలి, కానీ ఇంట్లో చిత్తూరు బెల్లం అచ్చు ఉంది, దాన్నే చిక్కగా కరిగించి చల్లార్చి వాడాం. మర్నాటికి 76 నుంచి 49, ముడతలు పడ్డ పాత సంచిలా అయింది. చీమలు వరస కట్టాయి. సీసాను నీళ్ళ పళ్ళెంలో పెట్టాక గానీ అవి వదల్లేదు.

పాప ఇక అయిపోయినట్టే అనుకుంది. ద్రవాభిసరణం అంటే ఇదే కదా, నీళ్ళు పలచగా ఉన్న వైపు నుంచి చిక్కగా ఉన్న వైపుకు పొర దాటి పోవడం. చార్టు మీద బాణాలు గీయడం కూడా మొదలుపెట్టింది.

రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెంకు కింద ఉండే ఆ తోలు అసలు కణ త్వచమే కాదు! కోడి కడుపులో గుడ్డు కిందికి దిగే దారిలో దాని చుట్టూ అల్లుకునే ప్రోటీన్ పోగుల చాప అది. రెండు పొరలుంటుంది, చేత్తో పట్టుకుని లాగొచ్చు. కణ త్వచం మందం 7, 8 నానోమీటర్లు మాత్రమే, అంటే ఈ తోలు దానికి వేల రెట్లు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అని ఇద్దరు డచ్చి శాస్త్రవేత్తలు ఎర్ర రక్త కణాల్లోని కొవ్వునంతా తీసి నీటి మీద పరిచి చూశారు. ఆ కణాల పైభాగమంతా కలిపితే ఎంత వైశాల్యం ఉందో, దానికి రెండింతలు పరుచుకుంది. కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉన్నాయని అలా పట్టుకున్నారు. మా గుడ్డు తోలులో ఆ రెండు వరసల సంగతే లేదు.

నిజానికి మేం చేసింది 1748లో ఫ్రాన్స్‌లో నోలే అనే ఆయన చేసిందే. సారా నింపిన పాత్ర మూతికి పంది మూత్రాశయం బిగించి కట్టి నీళ్ళలో ముంచితే ఆ తోలు పగిలేంతగా ఉబ్బింది. అదీ చచ్చిన తోలే. నీళ్ళు ఎటు పోతాయో చెప్పడానికి చచ్చిన తోలు చాలు. కానీ మన పాఠాల్లో కణ త్వచాన్ని విచక్షణా త్వచం అంటారు కదా, ఏది రానివ్వాలో ఏది ఆపాలో చూసుకుంటుందని. ఆ విచక్షణ చూడాలంటే బతికున్న కణం కావాలి.

పొద్దున పాపకు చెబితే మొహం మాడ్చుకుంది. "అయితే మళ్ళీ మొదట్నుంచా?"

మే 6

మళ్ళీ మొదట్నుంచే. మార్కెట్లో కిలో ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు) తెచ్చాను. తవ్వి తీశాక కూడా ఉర్లగడ్డ చాలాకాలం బతికే ఉంటుంది, అందుకే మొలకెత్తుతుంది. ఒక్కో ముక్క ఆరు గ్రాముల లెక్కన పుల్లలు కోసి, గ్లాసుకు మూడు చొప్పున ఐదు గ్లాసుల్లో వేశాం. ఒకటి వట్టి నీళ్ళు, మిగతావి అర శాతం, 1, 2, 4 శాతం ఉప్పు. రెండు గంటలు.

తీశాక తడి తుడవకుండా తూచాం మొదటిసారి, లెక్కలన్నీ గందరగోళం. మళ్ళీ కోసి, ఈసారి ప్రతి ముక్కనూ టిష్యూతో ఒకేలా ఒత్తి తూచాం. వట్టి నీళ్ళలో బరువు 9 శాతం పెరిగింది, ముక్క విరిస్తే ఫట్‌మంటుంది. అర శాతంలో 3 పెరిగింది. ఒక శాతంలో 2 తగ్గింది. రెండులో 11, నాలుగులో 18 తగ్గాయి. నాలుగు శాతం ముక్కను వేలికి చుట్టుకోవచ్చు, రబ్బరు బ్యాండులా వంగుతుంది.

గ్రాఫు గీస్తే గీత సున్నాను 0.8 దగ్గర దాటింది. ఆ గాఢతలో ఉర్లగడ్డ పెరగదు, తగ్గదు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ 0.9 శాతం ఉప్పు నీళ్ళు, మన ఎర్ర రక్త కణాలు ఉబ్బకుండా ముడుచుకోకుండా ఉండేది అందులోనే. ఈ రెండు అంకెలు దగ్గరగా రావడం ఈ గడ్డకు కుదిరిందంతే, ప్రతి మొక్కకూ ఇదే అంకె అనుకోకూడదు. కానీ పాప గ్రాఫు చూసి నవ్విన నవ్వు, గుడ్డు చూసి నవ్వలేదు.

మే 8

అంగట్లో ఊపిరాడలేదు. నీళ్ళలో పడ్డ ఫోన్లు నాలుగు. ప్రాజెక్టు ఏమీ కదల్లేదు.

మే 9

ఇది నాకు బాగా నచ్చిన రోజు. రెండు ఉర్లగడ్డలు, రెంటికీ అడుగు చదునుగా కోసి, పైన చెంచాతో గుంత చేసి గిన్నెల్లా చేశాం. ఒకటి పచ్చిది. రెండోది మా ఆవిడ ఉడికించి ఇచ్చింది. పుస్తకాల్లో గుంతలో చక్కెర వేయమంటారు, మేం బెల్లం తురిమి వేశాం, ఎందుకంటే బెల్లానికి రంగుంది, ఎటు పోయిందో కంటికి కనిపిస్తుంది. రెంటినీ వేర్వేరు పళ్ళేల్లో నీళ్ళు పోసి నిలబెట్టాం.

సాయంత్రానికి పచ్చి గడ్డ గుంత నిండా పాకం నిలిచింది, అంచు దాకా. కింద పళ్ళెంలో నీళ్ళు తగ్గాయి, రంగు మాత్రం మారలేదు. ఉడికిన దాంట్లో గుంత అంతగా నిండలేదు, పళ్ళెంలో నీళ్ళు మాత్రం లేత టీ రంగుకు తిరిగాయి. పాప వేలు ముంచి నాకి "తియ్యగా ఉంది" అని కేక పెట్టింది.

రెండూ ఒకే బుట్టలోవి. తేడా అల్లా ఒకదాని పొరలు బతికున్నాయి, ఇంకోదానివి ఉడికి చిరిగిపోయాయి. బతికున్న పొర నీళ్ళను రానిచ్చింది, బెల్లాన్ని బయటికి పోనివ్వలేదు. చచ్చిన పొర రెంటికీ తలుపు తీసేసింది.

అమ్మ ఇదంతా మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉంది. మామిడికాయలు తరిగి ఉప్పులో వేసే పనిలో ఉంది. "ఏమిరా, ఉప్పు నీళ్ళను లాగుతుందని కొత్తగా చెప్తా ఉండావు, ఊరగాయకు ఊట అట్లనే గదా వచ్చేది. సరే, నీళ్ళు బయటికి వచ్చె. మరి ఉప్పు ముక్క లోపలికి ఎట్ల పోయె? నెలకు కొరికి చూడు, నడిమి దాకా ఉప్పే."

నాకు వెంటనే జవాబు రాలేదు. రెండు మూడు మాటలేవో చెప్పి తప్పించుకోబోయాను. "తెలీకుంటే తెలీదని చెప్పు" అని మళ్ళీ కత్తిపీట ముందేసుకుంది. ఆ ప్రశ్నను పాప నోటు పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకుంది: అవ్వ ప్రశ్న.

మే 11

పొర ఎప్పుడు చస్తుందో చూద్దామని బీట్‌రూట్. దాని ఎర్ర రంగు కణం మధ్యలో ఉండే రిక్తిక అనే సంచిలో బంధించి ఉంటుంది. బయటికి రావాలంటే రిక్తిక పొర ఒకటి, కణ త్వచం ఒకటి, రెండూ దాటాలి. దాటిందంటే పొరలు పాడైనట్టే. స్టీలు స్ట్రాతో ఒకే సైజు ముక్కలు పొడిచి తీసి, కోసిన చోట కారే రంగు పోయేదాకా కడిగాం. ఇది చేయకపోతే మొత్తం చెడుతుంది, కోతకు తెగిన కణాల రంగు ముందే కారుతుంది కదా.

వేడి కొలవడానికి నా మల్టీమీటర్‌కు తగిలించే ఉష్ణోగ్రత తీగ వాడాను. మామూలు నీళ్ళని కొళాయి తిప్పి పట్టి కొలిస్తే 41 డిగ్రీలు! మే నెలలో తిరుపతి మిద్దె మీద ట్యాంకు నీళ్ళు అంతే ఉంటాయి మరి, చల్లనీళ్ళ స్నానం అనే మాటే లేదు. చల్లటి వాటికి మట్టి కుండ నీళ్ళు వాడాం, 29.

ఐదేసి ముక్కలను ఒక్కో వేడిలో ఒక నిమిషం ఉంచి, తర్వాత కుండ నీళ్ళలో ఇరవై నిమిషాలు. 29, 41, 50 దాకా నీళ్ళు లేత గులాబీ, పెద్ద తేడా లేదు. 60లో గులాబీ గాఢమైంది. 70లో రోజ్‌మిల్క్‌ను మించిపోయింది. 80లో ఇక రక్తమే. కొద్దికొద్దిగా పెరుగుతూ పోలేదు, ఎక్కడో ఒక చోట కట్ట తెగినట్టు తెగింది. వేడికి పొరలోని ప్రోటీన్లు వాటి ఆకారం కోల్పోతాయి, కొవ్వు వరసలు చెదిరిపోతాయి.

తర్వాత అంగట్లో బోర్డులు తుడిచే ఐపీఏ స్పిరిట్ తెచ్చి, స్టవ్‌కు దూరంగా, చిన్న సీసాలో ఒక ముక్క వేశాం. వేడి లేదు, ఏమీ లేదు, కాసేపట్లోనే సీసా ఎర్రబడింది. స్పిరిట్ కొవ్వును కరిగిస్తుంది. పొర కొవ్వుదని ఇంతకంటే సులభంగా చూపించే దారి నాకు తెలియదు. రాత్రి ఫ్రీజర్లో పెట్టి తీసిన ముక్క కూడా కరిగేసరికి కారిపోయింది, మంచు ముక్కల మొనలు పొరల్ని చీల్చేస్తాయి. సాంబారుకని తెచ్చిన బీట్‌రూట్లన్నీ అయిపోయాయి, ఇంట్లో దీని మీద చర్చ నడిచింది, దాన్ని ఇక్కడ రాయను.

మే 13

నిన్న తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కాం, మొత్తం 3550. ఎక్కడం బాగానే ఎక్కింది, దిగి వచ్చి ఎక్కడో ఏదో తిని, రాత్రి నుంచి పాపకు విరేచనాలు. పొద్దున ఓఆర్ఎస్ కలుపుతుంటే పడుకునే ప్యాకెట్ వెనక చదివింది: లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5. "చక్కెర ఎందుకు నాన్నా, రుచికా?"

రుచికి కాదు. గ్లూకోజ్ పెద్ద అణువు, నీళ్ళను ఇష్టపడే అణువు, కొవ్వు పొరలోంచి తనంతట తాను దూరలేదు. దానికి పొరలో ప్రోటీన్‌తో చేసిన ద్వారం కావాలి. పేగు కణాల్లో ఉండే ద్వారానికి ఒక షరతుంది: ఒక్కో గ్లూకోజ్‌తో పాటు రెండు సోడియాలు కూడా రావాలి, అప్పుడే తెరుచుకుంటుంది. జంటగా టికెట్ తీసుకుంటేనే లోపలికి అన్నట్టు. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెనకే నీళ్ళు పోతాయి. ఉప్పూ చక్కెరా ఇలా కలిసి పోతాయని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి, సెలైన్ సీసాలు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు వచ్చాయి.

మరి లోపలికి వచ్చిన సోడియం పేరుకుపోదా అంటే, దాన్ని బయటికి తోసే పంపు ఉంది. మూడు సోడియాలు బయటికి, రెండు పొటాషియాలు లోపలికి. పీతల కాళ్ళ నరాల మీద పనిచేస్తూ డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ 1957లో దీన్ని బయటపెట్టాడు, నోబెల్ రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఆ పంపుకు కరెంటు ఏటీపీ, కణంలో శక్తిని మోసే అణువు. ఏటీపీని 1929లో కనుగొన్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడని చెబితే పాప లేచి కూర్చుంది, ఓఆర్ఎస్ కంటే అది బాగా పనిచేసింది. అన్నట్టు ఈ పంపు జంతువులదే, ఉర్లగడ్డ కణం సోడియానికి బదులు ప్రోటాన్లను బయటికి తోసి తన పని నడుపుకుంటుంది. చార్టులో ఈ రెండూ కలిపేయొద్దని గట్టిగా చెప్పాను.

మే 15

పాప కోలుకుంది. పగిలిన గుడ్డు గురించి నాకొకటి గుర్తొచ్చింది. చెరువులో పెట్టిన కప్ప గుడ్లు నీళ్ళలోనే ఉన్నా ఉబ్బి పగిలిపోవు, వాటి పొర నీళ్ళను చాలా తక్కువగా రానిస్తుంది. 1992లో అమెరికాలో పీటర్ ఆగ్రే బృందం, ఎర్ర రక్త కణాల్లో దొరికిన ఒక ప్రోటీన్‌ను ఎలా తయారుచేయాలో చెప్పే ఆర్ఎన్ఏ అణువుల్ని కప్ప గుడ్లలోకి ఎక్కించి, ఆ ప్రోటీన్ పొరలో తయారయ్యాక వాటిని పలచటి ద్రావణంలో వేసింది. నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. ఎక్కించనివి పగల్లేదు. నీళ్ళకు ప్రత్యేకంగా ద్వారాలున్నాయని అలా తేలింది, ఆక్వాపోరిన్ అని పేరు పెట్టారు, ఒక్క ద్వారంలోంచి సెకనుకు దాదాపు 300 కోట్ల నీటి అణువులు పోతాయి. 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్. అసలైన గుడ్డు ప్రయోగమంటే అదీ. మాది కొళాయి కింద పగిలింది.

మే 17

కంటితో చూడాలని నర్సరీలో రియో మొక్క కొన్నాను, ఆకు అడుగు ఊదారంగులో ఉండేది, చాలా ఇళ్ళ ముందు కుండీల్లో కనిపిస్తుంది. బోర్డులు చూసే నా మైక్రోస్కోప్ 45 రెట్లే పెంచుతుంది, దాంట్లో కణాలు ఊదా చుక్కల్లా కనబడ్డాయి తప్ప లోపల ఏం జరుగుతోందో తెలియలేదు. చివరికి పక్క వీధిలో ఉండే జూనియర్ కాలేజీ బాటనీ మేడమ్ ఒక సాయంత్రానికి మంచి మైక్రోస్కోప్ ఇచ్చారు.

ఆకు అడుగు పొరను పలచగా ఒలిచి, 5 శాతం ఉప్పు చుక్క వేశాం. రెండు నిమిషాల్లో ఒక్కో గదిలో నిండుగా ఉన్న ఊదారంగు గోడను వదిలి లోపలికి జరుగుతూ, ముద్దగా అయింది. గోడ అక్కడే ఉంది, సంచి ముడుచుకుంది. ఇదే ప్లాస్మాలిసిస్. అప్పుడు ఒక అంచున మామూలు నీళ్ళు వేసి, రెండో అంచున టిష్యూతో పీల్చాం. ఊదా మళ్ళీ ఉబ్బుతూ వచ్చి గోడకు ఆనుకుంది. ఉప్పు నీళ్ళు అన్ని వైపులా ఉన్నా రంగు చుక్క కూడా బయటికి రాలేదు. పాప పక్కకు జరగదే! నేను రెండుసార్లు అడిగితే గానీ నాకు చూసే అవకాశం రాలేదు.

మరిగే నీళ్ళలో ముంచిన ఇంకో ముక్క పెట్టి చూస్తే, ఉప్పు వేసినా ముడుచుకోవడం లేదు, రంగు మాత్రం అన్నిచోట్లా పాకిపోయింది.

మే 20

అవ్వ ప్రశ్న. ఆరు ఉర్లగడ్డ పుల్లలు, ఊరగాయంత చిక్కటి ఉప్పు నీళ్ళలో. మూడింటిని అరగంటకే తీసి కడిగి వట్టి నీళ్ళలో వేశాం. మెత్తబడి వచ్చినవి సాయంత్రానికి మళ్ళీ బిగుసుకున్నాయి, బరువు దాదాపు మొదటికి వచ్చింది. మిగతా మూడింటిని రెండు రోజులు ఉప్పులోనే వదిలేసి ఈ రోజు తీసి నీళ్ళలో వేశాం. సాయంత్రమైనా రబ్బరులా వంగుతూనే ఉన్నాయి. కొరికితే నడిమి దాకా ఉప్పు, కడిగినా పోని ఉప్పు.

అమ్మ దగ్గరికి పోయి చెప్పాను. మొదట ముక్క బతికుంది, పొర ఉప్పును ఆపింది, నీళ్ళు మాత్రమే బయటికి వచ్చాయి, అదే ఊట. ఊట పోయి పోయి కణాలు చచ్చాయి. చచ్చాక అడ్డం చెప్పేవాళ్ళు లేరు, ఉప్పు, కారం, నూనె ఏదైనా నెమ్మదిగా లోపలికి పోతుంది.

"అంటే ముక్క చచ్చినాకనే ఊరుతుందంటావు."

"అవునమ్మా."

"అది చెప్పేదానికి ఇరవై రోజులా" అంటూ జాడీ మూతకు గుడ్డ కట్టింది.

మే 21

చార్టు అయింది. నడిమి భాగమంతా బెల్లం గిన్నెలు, బీట్‌రూట్ సీసాల ఫోటోలు, రియో ఆకు రెండు బొమ్మలు. గుడ్డును ఒక మూలకు తోసి, కింద "ఇది కణ త్వచం కాదు" అని పాప తనే ఎర్ర పెన్నుతో రాసింది. తూకాన్ని స్పిరిట్‌తో ఇంకోసారి తుడిచి, ఎండలో ఒక రోజు పెట్టి, రేపు నగల అన్నకు ఇచ్చేయాలి. అడిగితే నిజమే చెబుతాను.